అడుగున మిగిలిన నలుపు

"ఆ హీటరు ఆపెయ్, వంటలక్కా. ఇది లీడ్స్ యూనివర్సిటీ, మిఠాయి కొట్టు కాదు," గుమ్మంలోంచే విసిరాడు ప్రొఫెసర్ రిడ్లీ.

అతని పాత శిష్యురాలు హెస్టర్ కదల్లేదు. ఆమె ముందు గాజుతొట్టి. అడుగున చిక్కటి నల్లపాకం, దాని మీద బంగారు రంగు పాకం, కింద సెగ. పుట్టిన కొత్తలో భూమి కడుపు ఇలాగే ఉడికిందని, అప్పటి అడుగు పొర కలవకుండా ఇంకా మిగిలే ఉందని ఆమె వాదన.

"వేడెక్కింది పైకొస్తుంది, చల్లారింది దిగుతుంది. కోటానుకోట్ల ఏళ్లు అలా తిరిగాక పాతదేం మిగుల్తుంది? అంతా కలిసిపోతుంది," అన్నాడు రిడ్లీ అక్కడి నుంచే.

"వచ్చి చూడండి."

రిడ్లీ వంగాడు. బంగారు పాకం సుడులు తిరుగుతోంది. నలుపు మాత్రం కలవలేదు. ఆ సుడులే దాన్ని నెట్టి రెండు మూలల్లో కుప్పపోశాయి.

అతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు సభలో నీ పాకాల ప్రయోగం చూసి వంటలక్క అని అందర్నీ నవ్వించాను. నీకు ఆ పేరే నిలిచిపోయింది. తప్పు నాదే. ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లూ కాచుకుంది హెస్టర్. వింటే కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు.

"కాస్త వేడి పెంచు. కలుస్తుందేమో," అన్నాడు.

పెంచింది. సుడులు జోరందుకున్నాయి. కుప్పలు అలాగే కూర్చున్నాయి.

"వేడి చాలక కాదు సార్," అంది హెస్టర్. "అది బరువు."