నీలం తలుపు ఇల్లు

"కళ్లున్నాయా, లేవా?" డిటెక్టివ్ డన్‌క్లీ సూప్ గిన్నె ముందున్న స్టూలును కాలితో ఒక్క తోపు తోశాడు.

సూప్ అమ్మే ఇవాడ్నీ గరిటె తిప్పడం ఆపలేదు. వారంలో ఆయన రావడం ఇది మూడోసారి. పోయిన శనివారం పట్టపగలు ఇదే కోడికాళ్ల సూప్ కోసం లైన్లో నిలబడ్డ ఒషేన్‌ని, ఇద్దరు మోటారుసైకిల్ మీద వచ్చి కాల్చిపోయారు. ఒషేన్ ఆమె చెల్లెలి కొడుకు. ఆమె కాళ్ల దగ్గరే పడిపోయాడు.

"లైన్లో ఇరవై మంది ఉన్నారు. ఇరవై మందీ సరిగ్గా అప్పుడే వంగి చెప్పులో రాయి తీసుకుంటున్నారట! చేతుల్లో పెరిగినవాడు పోతే నోరు విప్పవు. నువ్వేం మనిషివమ్మా?"

ఇవాడ్నీకి ఒళ్లు మండింది. కళ్లు మూసినా తెరిచినా ఆ ఇద్దరి మొహాలే కనిపిస్తున్నాయి. చెప్పాలని మాట గొంతుదాకా వస్తోంది. కానీ ఎదురుగోడ మీద నల్లరంగుతో రాసిన 'ఇన్ఫార్మర్లకు చావే' ఇంకా చెరగలేదు. ఆ గోడ వెనకుండే టైలర్ పోలీసులకు ఒక్క ముక్క చెప్పాడు, మర్నాడే పోయాడు.

"చెబితే పేరు బయటికి పొక్కదని ఏంటి నమ్మకం?"

"మా అమ్మ మీద ఒట్టు. ఈ నోట్‌బుక్ దాటదు."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నేను పొయ్యి ఊదుతున్నాను సార్, చూడలేదు. చూసింది మిస్ ఐసిల్డా. సందు చివర, నీలం తలుపు ఇల్లు. ముసలావిడ, పొద్దస్తమానం కిటికీ దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మీరెళ్తే సందంతా చూస్తుంది. రేపు చర్చికి వెళ్లేటప్పుడు పట్టుకోండి."

పక్కన దుంపలమ్మే ప్యాన్సీ నోరు తెరిచింది. ఇవాడ్నీ చూసిన చూపుకు మళ్లీ మూసుకుంది. డిటెక్టివ్ పేరు రాసుకుని, సూప్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇవాడ్నీ గిన్నె మీద మూత పెట్టి చివరి ఇంటికి నడిచింది. తడిపిన పూల గౌనొకటి ఆ పెరట్లో తీగ మీద ఆరేసింది. కిటికీ తెర సర్దింది.

"క్షమించు ఐసిల్డా" అని గొణుక్కుంది.

మూడింటికి మురుగుకాలువ అవతలి నుంచి అదే మోటారుసైకిల్ వచ్చింది. జనం మంచాల కింద దూరారు. నీలం తలుపు తూట్లు పడిపోయింది. కిటికీ అద్దం ఒక్క ముక్క మిగల్లేదు. ఇవాడ్నీ మాత్రం దాక్కోలేదు. పళ్లు బిగబట్టి, గరిటె పట్టుకుని నిలబడి చూసింది.

ఐదింటికి డిటెక్టివ్ జీపు దిగాడు. ఇల్లంతా వెతికి, రొప్పుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"చూశావా మీ జనాన్ని! నోట్లో నువ్వుగింజ నానదు. ఎవడో కూసి ఉంటాడు! మీలో మీరే చంపించుకుని, పైగా పోలీసులను నమ్మలేమంటారు. ఏదీ ఆ ముసలావిడ? శవాన్ని ఎక్కడ దాచారు?"

ఇవాడ్నీ గరిటె కింద పెట్టింది. వారంలో మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"మిస్ ఐసిల్డాను పాతిపెట్టి ఆరేళ్లయింది సార్, ఆవిడ బతికే ఉందని నేను చెప్పింది మీ ఒక్కరికే."