బిగుతు కుళాయి

"ఇదీ ఒక కుళాయేనా? వేలు తగిలితే చాలు, లేచిపోతోంది!" అని కోదండరామయ్య ఆ వాష్ బేసిన్ నుంచి మొహం తిప్పేసుకున్నాడు.

"అదే కదండీ బాబాయిగారూ సుఖం," అన్నాడు రామబ్రహ్మం. బందరులోని అతని శానిటరీ షాపుకి ఈ మావగారూ కోడలూ రావడం అది ఐదో రోజు. "మోచేత్తో తోసినా నీళ్లొస్తాయి. చెయ్యి బాగోలేనివాళ్లంతా ఇదే పట్టుకెళ్తున్నారు."

ఆ మాటకి పెద్దాయన మొహం మాడిపోయింది. కోడలు జ్యోతిర్మయి గబగబా కల్పించుకుంది.

"పోనీ ఆ పక్కది చూడండి మావయ్యగారూ. గుండ్రంగా తిప్పేది."

ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చాక కోదండరామయ్య కాలు దారికొచ్చింది గానీ కుడిచెయ్యి రాలేదు. ఎడం చేత్తో అన్నం తినడానికి మనసొప్పదు, ఎవరైనా తినిపిస్తే సిగ్గు. రెండు ముద్దలకే చాలంటాడు. మనిషి సగమైపోయాడు. నొక్కుతూ ఉండమని డాక్టరిచ్చిన రబ్బరు బంతిని పక్కింటి కుక్కపిల్లకి విసిరేశాడు. "ముప్పై ఏళ్లు కాలవ మీద లస్కరుగా షట్టర్లు తిప్పినవాణ్ణి, నన్ను బంతాట ఆడుకోమంటాడా!" అని మూడు రోజులు ఆ డాక్టర్ని తిట్టిపోశాడు.

ఆసుపత్రికి దగ్గరని బందరులో అద్దెకుంటున్నారు. అవనిగడ్డలో ఇల్లు బాగుచేయించే పని కొడుకు దుర్గారావు చూసుకుంటున్నాడు. బాత్రూంలోకి బేసిన్ ఎంచే పెత్తనం మాత్రం జ్యోతిర్మయి మావగారికే అప్పగించింది.

పెద్దాయన పద్ధతి పెద్దాయనది. తిప్పి చూడనిదే ఏ కుళాయినీ ఒప్పుకోడు. కొనబోయే కొత్త వస్తువుని ఎడం చేత్తో ముట్టుకోడు. అందుకని ఎడం చేత్తో కుడిచేతిని ఎత్తి కుళాయి మీద పెట్టుకుని, పళ్లు బిగించి కాస్త కదిపేసరికి ఒళ్లంతా చెమటలు. ఇలా ఐదు రోజులకి షాపులో బేసిన్లు వరసకి వరసే అయిపోయాయి.

జ్యోతిర్మయి ఫోను మోగింది. "ఇంకా తేలలేదండీ," అంది మొగుడితో. "మావయ్యగారికి నచ్చాలి కదా. మేస్త్రీని రెండు రోజులు ఆగమనండి."

"మేస్త్రీ ఆగుతాడేమో గానీ, నా ఓపిక ఆగదమ్మా," అన్నాడు రామబ్రహ్మం. లోపలికెళ్లి, ఇత్తడి కుళాయి బిగించిన తెల్ల బేసిన్‌ని మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదొక్కటే మిగిలింది. మహా బిగుతు. మీ వల్ల కాదు గానీ, చూసి వదిలెయ్యండి."

"నా వల్ల కాదా?" కోదండరామయ్య చేతికర్ర కోడలికిచ్చేశాడు. "వరదొచ్చిన రోజు తుప్పు పట్టిన షట్టరు ఒక్కణ్ణే లేపానయ్యా!"

ఈసారి ఎడంచెయ్యి సాయానికి రాలేదు. కుడిచెయ్యి వణుకుతూ తనంతట తానే లేచింది. వేళ్లు కుళాయి చుట్టూ ముడుచుకున్నాయి. కుళాయి కిర్రుమంది. పావు చుట్టు, అర చుట్టు, ఒక పూర్తి చుట్టు!

పెద్దాయన తన చేతిని తానే ఎగాదిగా చూసుకున్నాడు.

"అమ్మాయ్, ఇవాళ నాకు అన్నం కలిపి పెట్టకు. పప్పూ ఆవకాయా కంచంలో వడ్డించు. నేనే కలుపుకుంటాను."

"అలాగే మావయ్యగారూ," అందామె. ఐదు నెలల బరువు ఒక్కసారిగా గుండెల మీంచి దిగిపోయింది.

"ఇదే ఖాయం. అవనిగడ్డ పంపించెయ్యవయ్యా," అని చెప్పి, కర్ర సంగతే మర్చిపోయి ఆటో వైపు నడిచాడు కోదండరామయ్య.

రామబ్రహ్మం ఐదు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. పానా అందుకుని ఇత్తడి కుళాయి ఒక్కటీ విప్పి, కాగితంలో చుట్టి జ్యోతిర్మయి చేతిలో పెట్టాడు. బేసిన్‌ని మళ్లీ లోపలికే మోసుకెళ్లాడు. ఆమె కళ్లు తుడుచుకుని అతనికి చేతులు జోడించింది.

అవనిగడ్డ ఇంట్లో అచ్చం అలాంటి తెల్ల బేసినే బిగించి అప్పటికే పది రోజులైంది.