దిండుగారి మర్యాద

మా వీధిలో ఇప్పుడు అందరి దిండ్లూ మాట్లాడతాయి. నిద్రలో ఊపిరి ఆగితే "దయచేసి పక్కకు తిరగండి" అంటాయి. ఏ జబ్బూ లేని మా పాపకి కూడా నా భయం కొద్దీ ఒకటి కొన్నాను.

అసలు అవసరం మా అక్క ఇందుమతికి. ఎవరూ లేనిచోట తనకు గొంతులు వినిపించే జబ్బు ఎప్పటినుంచో ఉంది. మాత్రలు వేసుకుంటుంది. నిద్రలో ఊపిరి ఆగిపోవడం వల్లే పగలంతా నిద్రమత్తుతో తూలుతోందని డాక్టరమ్మ చెప్పాక దిండు తెచ్చాం. మూడు నెలల్లో అక్క మళ్లీ కుట్టుమిషను ఎక్కింది.

తొమ్మిదితో చదువు ఆపేసినా దిండు సెట్టింగులు నాకు వచ్చు. పరాయి గొంతెందుకని మొన్నామధ్య నా గొంతే ఎక్కించాను: "ఒసే అక్కా, పక్కకి తిరగవే!"

తెల్లారేసరికి దిండు పెరట్లో ఉంది. రెండు రోజులు అక్క అది లేకుండానే పడుకుంది. మూడోనాడు మిషను మీదే తూలి, వేలికి సూది దించుకుంది. వేలికి గుడ్డ కడుతూ అడిగాను.

"ఎందుకు పారేశావే?"

"అది నన్ను ఒసే అంది."

"అది నేనే కదే!"

"నాకేటి తెలుసు? నా బుర్రలో ఉన్నోళ్లూ నీ గొంతుతోనే తిడతారు. ఆళ్లెప్పుడైనా దయచేసి అన్నారేటి? దిండొక్కటే అండీ అనీది. అందుకే అది నిజమని నమ్మీదాన్ని."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెంటనే నా గొంతు తీసేశాను.

ఆ మధ్యాహ్నం అక్క నడుం వాల్చింది. కాసేపటికి దిండు మెల్లగా ఏదో అంది.

"అలాగేనండీ," అంటూ కళ్లు తెరవకుండానే అక్క పక్కకు తిరిగింది. "తవరు కూడా పడుకోండి."