నాలుగింటి కాయ

గురువారం సాయంత్రం నాలుగింటికి చంద్రరావు పెంకుటింటి మీద ఠప్పుమని కొబ్బరికాయ పడింది. ఒక పెంకు పగిలింది.

"వీరవేణి గారూ! మీ చెట్టు మళ్లీ వేసిందండీ!" గోడ మీంచి అరిచాడు.

పక్కింటి వీరవేణి లేసు అల్లిక పక్కన పెట్టి, పాత పెంకొకటి పట్టుకుని వచ్చింది. "ఏం చెయ్యమంటారండీ, దానికి బుద్ధి లేదు" అంది. అరుగు మీద కూర్చుంది. కాఫీ తాగింది. అరగంటకి వెళ్లిపోయింది. మళ్లీ గురువారం దాకా ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

చంద్రరావు రిటైరైన మనిషి. భార్య పోయాక భక్తి ముదిరింది. అడక్కుండానే కొబ్బరికాయలిచ్చే పాలకొల్లులో, వారానికో కాయ డబ్బిచ్చి కొనేవాడు.

రాజమండ్రిలో లాయరుగా ఉన్న తమ్ముడు హరిబాబుకి ఆదివారం ఫోన్ చేసేవాడు. వేరే కబుర్లేం లేక, కాయ పడిన సంగతే చెప్పేవాడు. అయిదేళ్లుగా అన్నగారి గడప తొక్కని తమ్ముడికి ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. అన్నగారి పేరున వీరవేణి మీద కేసు వేసేశాడు. "వద్దురా" అంటే వినలేదు.

"మనసులో ఏముందో కోర్టుకి కనబడదన్నయ్యా. జరిగిన తీరుని బట్టి ఉద్దేశం తేలుస్తారు. చెట్టుకి గడియారం ఉంటుందేంటి? ప్రతి గురువారం నాలుగింటికే పడిందంటే కావాలని వేసినట్టే!"

చంద్రరావు ఫోన్ పెట్టేసి అరుగు వైపు చూశాడు. కేసు గెలిస్తే ఆవిడ మళ్లీ ఈ అరుగెక్కదు.

నరసాపురం కోర్టులో హరిబాబు లేచి, చెట్టుని చూసి రావడానికి కమిషనర్ని పంపమని అడిగాడు.

ఎదుటి బెంచీ మీంచి వీరవేణి గబుక్కున లేచింది. "అక్కర్లేదండి. కావాలనే వేశాను."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "ఎందుకమ్మా?"

"ఊసుపోకండి."

ఉద్దేశం తేలిపోయింది. పెంకులు బాగుచేయించాలనీ, ఇకమీదట ఒక్క కాయ కూడా పడకూడదనీ తీర్పొచ్చింది. హరిబాబు అటునుంచటే రాజమండ్రి బస్సెక్కేశాడు.

పాలకొల్లు బస్సులో ఆడవాళ్ల సీట్లో ఆవిడ, వెనక సీట్లో చంద్రరావు.

గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది.

"గురువారం ఊరికే పిలవండి చంద్రరావు గారూ, వస్తాను, తొంభయ్యారు తుఫానుకి తలెగిరిపోయిన చెట్టు పేరు చెప్పి ఇంకెన్నాళ్లండీ కాయలు కొంటారు?"