మీ బిడ్డ 7

నా కథలో నూలుపోగంత అబద్ధం దొరికిందంటే, సగం మీసం గొరిగించుకుని బజారంతా తిరుగుతాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, చూసుకోండి.

పళ్ళ డాక్టరు ఓ పెద్దాయన దవడపన్నుకి పటకారు పట్టించాడో లేదో, పక్కన ట్రేలో ఉన్న ఫోను గుర్రుమంది. ఎవరిదో తెలియని నంబరు. ఓరకంట చదివాడు.

"మీ బిడ్డ 7 స్పందించడం లేదు. చంపమంటారా?"

కింద రెండు గళ్ళు. ఒకదాంట్లో అవును, ఇంకోదాంట్లో కాదు. ఆ కింద చిన్నక్షరాలు: "అయిదు నిమిషాల్లో జవాబు రాకపోతే చంపేస్తాం."

డాక్టరుకి ఒక్కతే కూతురు. దానికి ఏడేళ్ళు.

పటకారు పన్నుని వదిలేసింది.

"ఆఁ?" అన్నాడు పెద్దాయన, తెరిచిన నోరు మూయకుండానే.

"మా పిచ్చుకని పట్టుకుపోయారండీ! చంపేస్తారట!"

"ఆఁ?"

"పిచ్చుకంటే మా అమ్మాయండీ!"

పెద్దాయన నోట్లో దూది ఉమ్మేసి లేచి కూర్చుని, ఫోనులోకి తొంగిచూశాడు. "చూస్తావేమయ్యా? కాదని నొక్కు ముందు!"

డాక్టరు చేతులకి తొడుగులు. తొడుగుల మీద తడి. ఎలాగో నొక్కాడు. కాదనే నొక్కాడు. నొక్కి, తెల్లకోటుతో, మూతి ముసుగుతోనే వీధిలో పడ్డాడు.

బడి రెండు వీధుల అవతల. పరిగెడుతూనే భార్యకి ఫోను చేశాడు. ఎత్తలేదు. ఆవిడ యూనివర్సిటీలో కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తుంది, పాఠం చెప్పేటప్పుడు ఫోను సొరుగులో పడేస్తుంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. కాళ్ళు ముందుకి పోతున్నాయి గానీ గుండె మాత్రం ఎక్కడో వెనకే ఉండిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? చేతిలో ఆ పటకారేంటి?" బడి వాచ్‌మన్ అడ్డం పడ్డాడు.

"రెండో తరగతి ఎక్కడ?"

"ముందు అది కింద పెట్టు!"

పెట్టలేదు. వాచ్‌మన్ చంక కిందనుంచి దూరి లోపలికి పోయాడు.

రెండో తరగతి గది ఖాళీగా ఉంది. బెంచీల మీద సంచులున్నాయి, పిల్లలు లేరు. కిటికీ పక్కన పిచ్చుక సంచీ నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళ సీసా దొర్లి కిందపడి, నేలంతా తడి. చేతిలో ఫోను మళ్ళీ గుర్రుమంది.

"బిడ్డ 7ను చంపడం పూర్తయింది. ధన్యవాదాలు."

డాక్టరు ఆ చిన్న బెంచీ మీద కూలబడ్డాడు. సంచీని ఒళ్ళోకి లాక్కున్నాడు.

వెనక కెవ్వుమని కేక. ఒకటి కాదు, ముప్ఫై. బొమ్మల క్లాసు నుంచి తిరిగొచ్చిన పిల్లలు గుమ్మంలోంచి ముసుగు మనిషినీ, పటకారునీ చూశారు. చెప్పులు వదిలేసి పారిపోయారు. ఒక్క పిల్ల మాత్రం రెండు చేతుల్తో నోరు మూసుకుని అక్కడే నిలబడింది.

"నాన్నా, నా పన్ను ఊగడం లేదు! ఒట్టు! అమ్మ అబద్ధం చెప్పింది!"

డాక్టరు దాన్ని వాటేసుకుని భోరుమన్నాడు. అప్పుడొచ్చింది భార్య దగ్గర్నుంచి ఫోను.

"ఏమండీ, పదకొండు సార్లు చేశారేంటి? కొంప మునిగినట్టు?"

"మన బిడ్డని చంపేశామని ఎవడో... ఏడు అని కూడా రాశాడు..."

"బిడ్డ ఏడా? అయ్యయ్యో, అది నాదండీ!"

"మనదే! ఇక్కడే ఉంది!"

"మన పిల్ల కాదండీ, నా ప్రోగ్రాం!"

పరాయి భాష రాక కంప్యూటర్ చదువు మానేసే పిల్లలకోసం, కంప్యూటరు చెప్పే ప్రతి మాటా ఇంట్లో మాట్లాడుకునే భాషలో చెప్పించాలని ఆవిడ పరిశోధన. పెద్ద ప్రోగ్రాం తన పని పంచడానికి చిన్న ప్రోగ్రాములని పుట్టిస్తుందట. వాటిని బిడ్డలంటారట. ఏదైనా బిడ్డ కదలకపోతే, చంపమంటారా అని అడుగుతుందట. ఆ ఇంగ్లీషు మాటల్ని ఆవిడ మాటకి మాట తెలుగులోకి దించేసింది.

"నేను క్లాసులో ఉంటే మీకొస్తుందని చెప్పాను కదండీ. తల ఊపారు."

"నువ్వేం చెప్పినా ఊపుతాను!"

"సరే, ఏం నొక్కారు?"

"కాదని."

"మరి ఎలా పోయింది? మీ చేతి తడి తొడుగుకి నొక్కు పడలేదేమో, అయిదు నిమిషాలూ దాటిపోయుంటాయి. మూడు రోజులుగా లెక్క కడుతోందండీ అది. ఇంకో గంటలో అయిపోయేది. రేపు పరీక్షకుల ముందు ఏం పెట్టను?" ఆవిడ ముక్కు చీదుకుంది. "పోనీలెండి. మన పిల్ల బాగుంది, అది చాలు. ఆ మాట మార్చేస్తాను. చంపమంటారా అని కాదు, ఆపమంటారా అని."

డాక్టరు తల ఊపాడు, ఫోనులో కనిపించదని తెలిసి కూడా.

ఇక నా మీసం సంగతి. మంగలికి కబురు పెట్టాను, వస్తున్నాడు. పటకారు నిజం, ఏడు నిజం, పిల్లల కేకలు నేనే కాస్త తగ్గించి రాశాను. అబద్ధం ఒక్కటే. కాదనే నొక్కాడన్నాను కదా, అది నేను కల్పించింది. తడి తొడుగు జారి, నొక్కింది అవును. భార్యకి మాత్రం కాదన్నాడు. అది కళ్ళారా చూసుకునే ఆ రెండు వీధులూ పరిగెత్తాడు.