నోటి ఓటు

“పోటీలో ఉన్నది ఇద్దరే. పేరు నోటితో చెప్పాలి. వేలు చూపిస్తే కుదరదు. వరండా ఎక్కాక ఎవరో ఒకరి పేరు చెప్పందే దిగనివ్వను!” అని గుమస్తా కేకేశాడు.

ఎదురు అరుగు మీద ఆ ఇద్దరిలో ఒకరైన సూర్యప్రకాశం పంతులుగారు దర్జాగా సర్దుకు కూర్చున్నారు. దొరలు దయతలచి, మునిసిపాలిటీ మెంబరును జనమే ఎన్నుకోవచ్చన్నారు. రాజమండ్రిలో ఆ వార్డుకు అదే తొలి ఎన్నిక. ఓటున్నవాళ్ళలో ముప్పాతిక మంది పంతులుగారి దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళే. ఇక బెంగేముంది? ఉన్నదల్లా బడి గురించే. కలప వ్యాపారి దక్షిణామూర్తి తాను గెలిచిన మర్నాడే బడి పాక పీకించి, ఆ స్థలంలో కలప అడితి పెడతానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

ముందు దక్షిణామూర్తే వచ్చాడు. గుమస్తా అడక్కముందే తన పేరు తానే గోదావరి అవతల కొవ్వూరుకు వినబడేలా అరిచాడు.

“బడి మొహం చూసుంటే గదా!” అని పంతులుగారు మొహం చిట్లించారు.

తర్వాత వడ్రంగి వీరబ్రహ్మం వచ్చి, పంతులుగారి కాళ్ళకు మొక్కి వరండా ఎక్కాడు. పేరు చెప్పమని గుమస్తా మూడుసార్లు గద్దించాల్సి వచ్చింది.

“దక్షిణామూర్తికి ఇంకోటి!” అన్నాడు గుమస్తా.

వెనకే వచ్చిన మరో శిష్యుడు వెంకన్నా అంతే. ఆ తర్వాతివాళ్ళూ అంతే. కాళ్ళకు మొక్కడం, దక్షిణామూర్తి పేరు చెప్పడం, తలొంచుకుని పోవడం. పంతులుగారికి కడుపు మండిపోయింది. వీరబ్రహ్మాన్ని దొరకబుచ్చుకున్నారు.

“ఏం ఎర చూపాడ్రా వాడు నీకు?”

“అయ్యయ్యో, ఏం లేదండీ! మీకే వేద్దామని వెళ్ళానండీ. తీరా నోరు రాలేదండీ.”

“నోరు రాలేదా? బడిలో నీ నోరు మూయించలేక చచ్చేవాణ్ణి కదరా!”

వీరబ్రహ్మం భోరుమన్నాడు.

“నా ఓటు నాకే వేసుకుంటాను, చూస్తూండు!” అని పంతులుగారు ఉత్తరీయం దులిపి వరండా ఎక్కారు.

“ఎవరికండీ?” అన్నాడు గుమస్తా.

“నాకే.”

“అలా చెల్లదండీ. పేరు చెప్పండి.”

పంతులుగారు నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. పక్కన దక్షిణామూర్తి మీసం దువ్వుకుంటున్నాడు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, “దక్షిణామూర్తి,” అన్నారు.

కిందికి దిగి వీరబ్రహ్మాన్ని కావిలించుకున్నారు. “నీ తప్పేం లేదురా నాయనా,” అన్నారు. ఇద్దరూ నడివీధిలో నిలబడి ఏడ్చారు.

ఎవరి పేరు వాళ్ళు పలికినా, గురువు పేరు పలికినా పాపమని బడిలో బెత్తంతో నేర్పింది ఆయనే.