తాడు కొస

కొత్త బండి టీకొట్టు ముందు ఆగేసరికి, వెనకాల కట్టిన పరుపులన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి.

పరుపుల మేస్త్రి దిగి చూసి, నెత్తి గోక్కున్నాడు. పికప్ బండి కొన్నాక దూరప్రయాణం ఇదే మొదలు. పరుపు కుట్టమంటే కళ్ళు మూసుకుని కుడతాడు గానీ, బండి మీద సరుకు కట్టడం ఆయనకేం తెలుసు?

సాయానికి భార్యని లేపుదామని వెళ్ళి, మనసొప్పక ఆగిపోయాడు. ఆవిడ అద్దానికి తల ఆనించి, చంటిపిల్లలా నిద్రపోతోంది. ప్రయాణం అనుకున్న నాటినుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు మరి.

వీధిలో అందరికీ పరుపులు అమ్మడానికి వెళ్తున్నామని చెప్పారు గానీ, అసలు సంగతి వేరు. ఈ ప్రయాణం ఆవిడ అన్న కోసం.

తల్లి లేని పిల్లని ఆ అన్నే పెంచాడు. బస్తాలు మోసేవాడు. తాళ్ళు బిగించే చేతులతోనే చెల్లెలికి జడ వేసేవాడు. చెప్పొద్దూ, కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగువుగా వేసేవాడు. రిబ్బను కట్టడం రాదు పాపం. కొస వెనక్కి మలిచి, జడలోకే దోపేసేవాడు.

బళ్ళో పిల్లలు ఎంత నవ్వినా ఆ పిల్ల ఆ జడ విప్పితే ఒట్టు. తల నెరుస్తున్న ఈ వయసులో కూడా అలాగే వేసుకుంటుంది.

ఒకనాడు అన్న ఆమెని పిన్ని ఇంట్లో దింపాడు.

"సంపాదించుకుని, నా సొంత బండిలో వచ్చి నిన్ను ఎక్కించుకుపోతానే" అన్నాడు.

వెళ్ళినవాడు వెళ్ళినట్టే.

ఆమెకి పెళ్ళయింది. పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకి మీసాలొచ్చాయి. ఇప్పటికీ వీధిలో హారను మోగితే చాలు, ఆవిడ చేతిలో సూది అలాగే ఆగిపోతుంది.

చివరికి బండి వీళ్ళే కొన్నారు. అంతలో ఎవరో, ఫలానా ఊరి లారీల దగ్గర మీ అన్నలాంటి మనిషిని చూశామన్నారు.

"అన్న బండి రాకపోతేనేం, మన బండే అన్న దగ్గరికి పోతుంది" అందావిడ.

వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో 'అన్న దీవెన' అని రాయించింది.

ఇప్పుడు మేస్త్రి ఒక్కడే తాడు లాగి ముడి వేస్తున్నాడు.

"అలా కడితే మలుపు తిరక్కముందే ఊడుతుంది బాబూ."

మేస్త్రి తలెత్తాడు. టీకొట్టు బల్ల మీదనుంచి ఒకాయన లేచి వస్తున్నాడు. మాసిన చొక్కా, నెరిసిన గడ్డం. ఒక కాలు ఈడుస్తున్నాడు.

"కట్టడం వచ్చా పెద్దాయనా?"

"అదొక్కటే వచ్చు."

తాడు విప్పి, పట్టా సర్ది, మోకాలు ఆనించి లాగాడు. పరుపులు కిక్కురుమనకుండా కూర్చున్నాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి.

"అన్న దీవెనా? ఎవరన్న?"

"మా ఆవిడ అన్న. నేనెప్పుడూ చూడలేదు. వెతకడానికే వెళ్తున్నాం. పెద్ద లారీల ఆసామి అయ్యుంటాడట. పనుల్లో పడి రాలేకపోయాడట. మా పిల్లలకి ఉగ్గుపాలతో అదే పోసింది."

ఆయన ఆ అక్షరాల మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"లారీలు లేకపోతేనో?"

"అమ్మో, ఆ మాట ఆవిడ ముందు అనకు! ఈ పూట నాకు అన్నం పుట్టదు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కాలీడ్చుకుంటూ ముందుకెళ్ళి, అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆవిడ భుజం మీదనుంచి ఒళ్ళోకి జారిన జడ కొస దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"ఏంటయ్యా, నిద్రపోతున్న ఆడమనిషిని అలా చూడ్డం?"

"కొత్త బండి కదా బాబూ, లోపల ఎలా ఉంటుందోనని. మధ్య సీటుకి ఆ కవరు తియ్యలేదే?"

"అదా! అది మా బావమరిదిగారి సింహాసనం. ఆయన కూర్చున్నాకే తీస్తుందట. నన్నే చెయ్యి వెయ్యనివ్వడం లేదు. ఉండు, ఆవిణ్ణి లేపుతా. నువ్వు చేసిన సాయానికి సంతోషిస్తుంది."

"వద్దు, వద్దు. పడుకోనీ. ఎన్నాళ్ళ అలసటో."

మేస్త్రి టీ పట్టుకొచ్చేసరికి, ఆయన మిగిలిన తాడు ముందు వంగి కూర్చుని ఉన్నాడు. లేచి చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"కొస విచ్చుకుపోతోంది. కట్టాను."

టీ మాత్రం ముట్టుకోలేదు.

"నిదానంగా పోనీ బావా. కుదుపులకి నిద్ర చెడుతుంది."

"బావా? అప్పుడే వరస కలిపేశావే! పరుపు ఊరికే ఇమ్మంటావా ఏంటి?" అని నవ్వుకుంటూ మేస్త్రి బండెక్కాడు.

పక్క అద్దంలో ఆయన చాలాదూరం కనబడ్డాడు. నిలబడ్డ చోటినుంచి కదల్లేదు.

ఆ ఊరు చేరారు. లారీల వాళ్ళందరినీ అడిగారు. అలాంటి ఆసామి ఎవరూ లేరన్నారు. పేరు చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు ఎండిపోయింది.

"ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్ళో ఉంటాడు. అన్ని లారీలున్నవాడు ఒక్కచోటే ఉంటాడా?" అంది, ఎవరూ ఏమీ అనకపోయినా.

"ఇంకో ఊళ్ళోనే ఉంటాడులే. ముందు పరుపులు దించుదాం, ఆ తాడు విప్పు" అన్నాడు మేస్త్రి మెల్లగా.

ఆవిడ వెనక్కి వెళ్ళింది. తాడు చేతిలోకి తీసుకుంది. ఇక కదల్లేదు.

"ఏమైందే?"

"ఇది... ఎవరు కట్టారండీ?"

"ఇందాక టీకొట్టు దగ్గర ఒక కుంటాయన. నిన్ను లేపుతానంటే వద్దన్నాడు. ఏం?"

ఆవిడ చేతిలో తాడు కొస, మూడు పాయలుగా బిగువుగా అల్లి, చివర వెనక్కి మలిచి, ఆ జడలోకే దోపి ఉంది.